టో బార్ కట్టబోయే పాత కారుకి ముందు చక్రాల జాగ్రత్తలు

తోలేటప్పుడు బండి ఓ పక్కకి గుంజితే మన చెయ్యి తెలియకుండానే సర్దేస్తుంది. అదే కారుని టో బార్‌తో (లాగడానికి కట్టే గట్టి కడ్డీ) మరో బండి వెనక కట్టి, నాలుగు చక్రాలూ నేల మీదే ఉంచి లాగితే, స్టీరింగ్ దగ్గర ఎవరూ ఉండరు. క్యాస్టర్ కోణం (పక్కనుంచి చూస్తే చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలి ఉండే కోణం) వల్ల చక్రాలు వాటంతట అవే దారి పట్టాలి. అందుకే తోలినప్పుడు కనపడని తేడా, లాగేటప్పుడు కారు పాములా ఊగడంతో బయటపడుతుంది.

కొలిచే టేపు తీయకముందే ఆట (కీళ్లలోని వదులు) చూడండి. వెనక చక్రాలకి అడ్డు పెట్టి, ముందు భాగం ఎత్తి, స్టాండ్ల మీద దించండి. వట్టి జాకీని నమ్మి కిందకి దూరొద్దు. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. కదిలితే, ఒకరిని బ్రేక్ తొక్కి ఉంచమని మళ్లీ ఊపండి: ఆట పోతే బేరింగ్‌ది, పోకపోతే బాల్ జాయింట్‌దో కింగ్ పిన్‌దో (చక్రం పక్కకి తిరిగే కీళ్లు). పక్కల పట్టుకుని ఊపితే టై రాడ్ (స్టీరింగ్‌ని చక్రాలకి కలిపే కడ్డీ) ఎండ్‌ల సంగతి తెలుస్తుంది. అరిగినవి మార్చకుండా టో (ముందు చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండే తేడా; టో బార్‌లోని టో వేరు) సరిచేయడమంటే ఊగే గోడకి తూకపు గుండు పట్టడమే.

ఇక కొలత. టైర్లలో గాలి సరిచూసి, బండిని చదును నేల మీదకి దించి, బానెట్ మీద రెండు మూడు సార్లు అదిమి, కొన్ని అడుగులు ముందుకి తోయండి. జాకీ దించగానే కొలిస్తే సస్పెన్షన్ సర్దుకోదు, కొలత తప్పుతుంది. స్టీరింగ్ తిన్నగా పెట్టి, రెండు టైర్లకీ వెనక వైపు, ఇరుసు ఎత్తులో సుద్ద గుర్తు పెట్టి మధ్య దూరం కొలవండి. ఆ గుర్తులు ముందుకి వచ్చేదాకా బండిని ముందుకే తోసి మళ్లీ కొలవండి. అవే గుర్తుల దగ్గర కొలుస్తాం కాబట్టి రిమ్ వంకర లెక్కలోకి రాదు. ముందు దూరం ఎంత తక్కువో అంత టో-ఇన్. వెనక చక్రాలతో నడిచే చాలా పాత కార్లకి 1.5 నుంచి 3 మి.మీ. ఉంటుంది, మీ బండి మాన్యువల్ చెప్పిందే చివరి మాట. ఆ అంకె పాత రకం క్రాస్ ప్లై టైర్లకి రాసినదై, ఇప్పుడు కొత్త రకం రేడియల్ టైర్లు ఉంటే తక్కువ వైపే ఉండండి. టో-అవుట్ (ముందు దూరమే ఎక్కువ కావడం) మాత్రం వద్దు.

సరిచేసేటప్పుడు రెండు టై రాడ్‌లనీ సమానంగా తిప్పండి. ఒక్కదాన్నే తిప్పితే స్టీరింగ్ వంకరపోతుంది. అది చూపుకి మాత్రమే కాదు: పాత స్టీరింగ్ బాక్స్ నడిమధ్యలో బిగువుగా, పక్కలకి వదులుగా ఉంటుంది. తిన్నగా పోవాల్సిన బండి ఆ వదులు చోట నడుస్తుంది. మరలు లోపల చాలినంత మిగిలాయో లేదో చూసి టై రాడ్ క్లాంపులు బిగించండి. తీసిన స్ప్లిట్ పిన్ (నట్టు ఊడకుండా పెట్టే చీలిన పిన్ను) మళ్లీ పెట్టొద్దు, కొత్తది వేయండి. క్యాంబర్ (ముందునుంచి చూస్తే చక్రం వాలి ఉండే కోణం), క్యాస్టర్ ఇంట్లో కచ్చితంగా పట్టుకోవడం కష్టం, అనుమానముంటే షాపుకే.

బార్ తగిలించాక స్టీరింగ్ లాక్ విడిపోయిందో లేదో తాళం తిప్పి చూడండి. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ అయితే వెనక చక్రాలకి వెళ్లే షాఫ్ట్ విప్పాల్సి రావొచ్చు. ఇంజిన్ ఆగితే చాలా వాటిలో లోపలి ఆయిల్ పంపు తిరగదు. రివర్స్ అస్సలు వద్దు, చక్రాలు ఒక్కసారిగా చివరిదాకా తిరిగిపోతాయి. రెండు మూడు కిలోమీటర్లు నిదానంగా లాగి ఆపి, క్లాంపులు చూసి, హబ్‌ల (చక్రాల నడిమి భాగం) దగ్గర చెయ్యి ఆనించండి. ఒకటి రెండోదానికన్నా వేడిగా ఉంటే ముందుకి కదలొద్దు.