అమెరికాలో మొదటి బతుకమ్మ: హైదరాబాద్ నుంచి బయల్దేరే పిల్లలకు

క్లాసులు మొదలై నెలో, నెలన్నరో అయ్యేసరికి బతుకమ్మ వచ్చేస్తుంది. మిడ్‌టర్మ్ పరీక్షలూ అప్పుడే. సద్దుల బతుకమ్మ ఏ తేదీనో ఇప్పుడే చూసి రాసుకోండి. ఆ రోజు పరీక్ష పడితే మొదటి వారంలోనే ప్రొఫెసర్‌ని అడగండి. అక్కడి తెలుగు సంఘాలు పెద్ద ఆటను ఎక్కువగా శనివారానికి పెట్టుకుంటాయి. దానికి తప్పకుండా వెళ్ళండి. కానీ అసలు రోజున రూంలో చిన్న బతుకమ్మనైనా పేర్చడం మానకండి.

తంగేడు, గునుగు దొరకవని బెంగ వద్దు. గుడిమల్కాపూర్‌లో కొని పెట్టెలో పెట్టుకోనూ వద్దు. పూలు, ఆకులు, విత్తనాలు ఏవున్నా కస్టమ్స్ దగ్గర చెప్పాలి, దాస్తే జరిమానా పడొచ్చు. సెప్టెంబరు, అక్టోబరుల్లో అక్కడ సూపర్‌మార్కెట్ల ముందు చామంతి కుండీలు వరసగా పెడతారు. నేను రెండు పసుపుపచ్చవి, ఒక ఊదారంగుది కొన్నాను. గుమ్మడాకులకు బదులు పళ్ళెంలో కాగితం పరిచి, తొడిమలు లోపలికి పెట్టి పూలు పేర్చాను. మధ్యలో కత్తిరించిన కాడలూ ఆకులూ కూరితే జారకుండా నిలిచింది. జానెడే లేచింది. పైన పసుపు గౌరమ్మను పెట్టి చూస్తే మా ఇంటి బతుకమ్మే!

పులిహోర, పెరుగన్నం సులువే. మలీద ఇంకా సులువు: చపాతీలు వేడివేడిగా నలిపి బెల్లం, నెయ్యి కలపడమే. నూనె మూకుడు పెట్టేటప్పుడు మాత్రం కిటికీ తెరవండి. మొదటి ఏడాది మా గారెల పొగకి అలారం మోగి బిల్డింగంతా మెట్లు దిగాల్సి వచ్చింది. యూనివర్సిటీ హాస్టళ్ళలో అగరుబత్తి, దీపం సాధారణంగా ఒప్పుకోరు. ముందే అడగండి.

అసలు లోటు పాటది. తొమ్మిది మందిమి చేరాం. చప్పట్లు అందరికీ వచ్చు, వంత పాడటమూ వచ్చు, ఎత్తుకునే మనిషే లేదు. ఫోన్‌లో పాట పెడితే దాని వేగానికి మనం ఉరకాలి, మన కోసం అది ఆగదు. అందుకే బయల్దేరేలోపు అమ్మ దగ్గరో నాయనమ్మ దగ్గరో కూర్చుని రెండు పాటలు మొదటి నుంచి చివరిదాకా నేర్చుకోండి. వాళ్ళ గొంతు రికార్డు చేసుకోండి. హైదరాబాద్‌లో రాత్రి 7:30కి గల్లీలో ఆట జోరందుకునేసరికి డల్లాస్‌లో పొద్దున 9. ఆ వేళకి మా అమ్మ వీడియో కాల్‌లో ఒక పాదం పాడి ఆగేది, మేం అందుకునేవాళ్ళం. మా గొంతు కాస్త ఆలస్యంగా చేరేది. అది వినబడేదాకా ఆగి, అప్పుడు రెండో పాదం ఎత్తుకునేది.

చెరువు కనబడింది కదా అని పూలు వదలకండి, చాలాచోట్ల అనుమతి కావాలి. బకెట్ నీళ్ళు చాలు. గౌరమ్మ పసుపు ముందుగా తీసి ఒకరికొకరు పెట్టుకోండి. మలీద గిన్నె ఒకటి పక్క ఫ్లాట్ వాళ్ళకీ ఇవ్వండి.