ఇంట్లోవాళ్ల ఫోటోలు ఎలా తీయాలి? ఫోజులు వద్దు

చేతిలో ఉన్న ఫోన్ చాలు. కెమెరా కొనే ఆలోచనుంటే 35 ఎంఎం లెన్స్ తీసుకోండి, అందరూ చెప్పే 50 వద్దు. క్రాప్ సెన్సర్ (చాలా కెమెరాల్లో ఉండే చిన్న సైజు సెన్సర్) మీద 50 పెడితే 75లా చూపిస్తుంది, ఫ్రేములో తక్కువ చోటే పడుతుంది. ఒడిశాలోని మా బరంపురం పాత వీధుల్లో గోడకు గోడ ఆనుకున్న ఇళ్లలో వెనక్కి జరగడానికి చోటెక్కడ? ఫ్లాష్ ముట్టుకోకండి. పగలు ట్యూబ్‌లైట్ ఆర్పేయండి, లేకపోతే ఒకే ముఖం మీద రెండు రంగులు పడతాయి. కిటికీ మనిషికి పక్కన ఉండాలి. షట్టర్ వేగం కూర్చున్న మనిషికి సెకనులో 1/125 వంతు, అప్పడాలు ఒత్తే చేతులకి 1/250. కెమెరాలో ఐఎస్‌ఓ (వెలుతురుని పట్టే సున్నితత్వం) 3200 దాకా పోయినా నష్టం లేదు.

ఇల్లు సర్దకండి. గోడ మీద ఒడియా క్యాలెండరు, దాని పక్క మేకుకి తెలుగు పంచాంగం, రెంటి మధ్య కరెంటు బిల్లు గుచ్చిన తీగ. అవి తీసేస్తే ఆ గది ఎవరిదైనా కావచ్చు.

అందరూ చెడగొట్టేది ఇక్కడి నుంచే. కెమెరా తీయగానే అమ్మ కొంగు సర్దుకుంటుంది, నాన్నగారు చొక్కా తొడుక్కుంటారు. వద్దనకండి. వాళ్లు కోరిన ఫోజు ఫోటో ముందు తీసి ఇచ్చేయండి, ఆ ముచ్చట తీరిపోతుంది. తర్వాత అక్కడే కూర్చుని చిక్కుళ్లు ఒలవండి. కెమెరా ఒళ్లో, అందరికీ కనబడేలా ఉండాలి. అరగంట దాకా ఒక్క ఫోటో తీయొద్దు. పది నిమిషాలు చాలంటారు కొందరు. వాళ్ల ఫోటోల్లో మనుషులు ఇంకా బిగుసుకునే ఉంటారు.

చాటునుంచి తీయడం, గుమ్మంలో నిలబడి జూమ్ చేయడం రెండూ తప్పే. నాలుగడుగుల దూరంలో ఉండాలి. ఫోన్ శబ్దం ఆపేయండి, టిక్కుమంటే తల తిరుగుతుంది. తీసిన ప్రతిదీ స్క్రీన్ మీద చూసుకుంటే పిల్లలు మీద పడతారు, ఇక ఆ పూటకి అంతే. "ఇటు చూడు", "నవ్వు" అన్న మాటలు నోట రాకూడదు. "వద్దమ్మా" అని ఒక్కసారి అంటే ఆపేసి, ఆ ఫోటో వాళ్ల ముందే డిలీట్ చేయండి. రెండోసారి బతిమాలితే రేపు తలుపు చాటుకి పోతారు.

చూడాల్సింది ముఖమొక్కటే కాదు, నిలబడే తీరు కూడా. వీధి అరుగు మీద పక్కింటాయనతో ఒడియాలో మాట్లాడే నాన్నగారు, లోపలికొచ్చి తెలుగులో విసుక్కునే నాన్నగారు ఒకేలా నిలబడరు. భుజాలు మారతాయి, చేతులు మారతాయి. రెండూ ఒకే రోజు, ఒకే దూరం నుంచి తీసి పక్కపక్కన పెడితే మీ ఇంటి సంగతి మీకే కొత్తగా తెలుస్తుంది. మీరూ ఫ్రేములో ఉండాలి: ఫోన్‌ని బియ్యం డబ్బాకి ఆనించి 10 సెకన్ల టైమర్ పెట్టండి.

వారం ఆగి ఏరండి, అదే రోజు చూస్తే నవ్వు ముఖాలే మిగులుతాయి. వాట్సాప్‌లో పెట్టేముందు ఫోటోలోవాళ్లని అడగండి. ఏరినవి 4×6 అంగుళాల మ్యాట్ (మెరుపు లేని) కాగితం మీద ప్రింటు వేయించండి. వెనక బాల్‌పెన్‌తో నొక్కి రాస్తే గీత ముందుకి తేలుతుంది. సన్న మార్కర్‌తో వెనక అంచున పేరు, తేదీ వేసి, సిరా ఆరాకే ఒకదాని మీదొకటి పేర్చండి.