ఒసాకాలో సరుకులూ తిండీ: గోదావరి జిల్లాల నుంచి వెళ్ళేవాళ్ళకు

పిల్లల దగ్గరికి వెళ్ళే అమ్మానాన్నలకైనా, ఉద్యోగానికి మొదటిసారి దిగే కుర్రాళ్ళకైనా ఒసాకాలో అన్నం, చేప దొరకవన్న బెంగ అక్కర్లేదు. జపాన్ వాళ్ళూ అన్నం తినేవాళ్ళే. అసలు చిక్కల్లా, వద్దనుకున్నది తెలియకుండా నోట్లోకి వెళ్ళిపోవడం. దానికి జాగ్రత్త పెట్టె సర్దేటప్పుడే మొదలవ్వాలి.

కోడి పచ్చడి, మటన్ పచ్చడి పెట్టెలో పెట్టొద్దు. నూనెలో వేయించినా, సీసాకు సీలు వేసినా మాంసం మాంసమే. ఎగుమతి చేసే దేశపు ప్రభుత్వ తనిఖీ పత్రం లేకుండా రానివ్వరు. తెచ్చినవాళ్ళకు మూడేళ్ళ వరకు జైలు, లేదా 30 లక్షల యెన్ల వరకు జరిమానా అని చట్టంలో ఉంది. పచ్చి కరివేపాకు, మామిడిపళ్ళు, బియ్యం కూడా మొక్కల తనిఖీ పత్రం లేకపోతే ఆపేస్తారు. మిక్సీ మొయ్యడం దండగ. అక్కడ కరెంటు 100 వోల్టులు, మన మిక్సీ సరిగ్గా తిరగదు. ఫోను చార్జరు మీద 100-240 అని ఉంటే చాలు, బల్లపరుపు రెండు పుల్లల ప్లగ్గు మాత్రం కావాలి.

డబ్బు సంగతి. విమానాశ్రయం స్టేషన్లోనే ఇకోకా కార్డు తీసుకోండి. 2,000 యెన్లు కడితే అందులో 500 డిపాజిట్, మిగతాది వాడుకోవచ్చు. రైలుకే కాదు, చిన్న కొట్లలోనూ పానీయాల మెషిన్లలోనూ పనిచేస్తుంది. నగదు కావాలంటే సెవెన్ ఎలెవెన్ కొట్లలోని ఏటీఎంలు విదేశీ కార్డులు తీసుకుంటాయి. మీ బ్యాంకులో విదేశీ వాడకం ముందే ఆన్ చేయించుకోండి. చిల్లరలో తికమక పెట్టేది 5 యెన్ల నాణెం: పసుపు రంగు, మధ్యలో చిల్లు, మీద మనం చదవగలిగే అంకె ఉండదు. చిల్లున్న తెల్ల నాణెం 50. కౌంటరు దగ్గర డబ్బు చేతికివ్వరు, ముందున్న చిన్న పళ్ళెంలో పెడతారు. 2024 జులైలో కొత్త నోట్లు వచ్చాయి. కొన్ని పాత మెషిన్లు వాటిని బయటికి తోసేస్తాయి, అప్పుడు నాణేలే దిక్కు.

సూపర్‌మార్కెట్‌లో ధర చీటీ మీద రెండు అంకెలు ఉంటాయి. పెద్దక్షరాల్లో కొట్టొచ్చినట్టు కనబడేది చాలాచోట్ల పన్ను కలపని ధర, కింద చిన్నగా ఉండేదే మీరు కట్టేది. తిండి సరుకుల మీద పన్ను 8 శాతం, హోటల్లో కూర్చుని తింటే 10. సాయంత్రం పొద్దుపోయాక వండిన వంటల మీదా చేపల మీదా స్టిక్కర్లు అంటిస్తారు. అందులో ‘వరి’ అంటే పదోవంతు. 2 పక్కన ఆ అక్షరం ఉంటే రెండు శాతం కాదు, ఇరవై శాతం తగ్గింపు. మూసే వేళ దగ్గరపడితే సగం ధరకూ వస్తాయి. ప్లాస్టిక్ సంచికి విడిగా మూడు నుంచి ఐదు యెన్లు అడుగుతారు, ఇంటి నుంచి గుడ్డసంచి పట్టుకెళ్ళండి.

బియ్యం పొట్టిగింజ, జిగురు. మార్టేరు స్వర్ణ తిన్న నోటికి మొదట్లో ముద్దగా అనిపిస్తుంది. ధర కూడా తక్కువేం కాదు, 2025 వసంతంలో ఐదు కిలోల సంచి సగటున 4,000 యెన్లు దాటింది. రైస్ కుక్కరుతో వచ్చే కప్పు 180 మిల్లీలీటర్లది. లోపలి గీతలు ఆ కొలతకే గీసినవి. మామూలు గ్లాసుతో బియ్యం కొలిచి గీత దాకా నీళ్ళు పోస్తే కొలత తప్పి అన్నం చెడుతుంది. పులిహోరకైతే గీతకు కొంచెం తక్కువగా నీళ్ళు పోసి, ఉడకగానే పళ్ళెంలో పరిచి నూనె కలిపి ఆరబెట్టండి. సంచి మీద ‘ముసెన్‌మై’ అని ఉంటే కడగక్కర్లేదు. పెరుగుకు 400 గ్రాముల డబ్బా, తీపి లేనిది కావాలంటే ‘ముతో’ అని అడగండి. మిరపకాయల్లా కనబడే ‘షిషితో’కు మాత్రం మోసపోవద్దు. దాంట్లో కారం దాదాపు ఉండదు, ఎప్పుడో ఒక కాయ తగులుతుంది.

ఇక చేపలు. మనవాళ్ళకు ఒసాకాలో పండగ ఇక్కడే. ప్యాకెట్ మీద ‘సషిమి-యో’ అంటే పచ్చిగా తినడానికి, ‘కనెత్సు-యో’ అంటే తప్పనిసరిగా ఉడికించాలి. ఆల్చిప్పల విషయంలో ఈ తేడా తప్పకుండా చూడండి. పులుసుకు ‘బురి’ బాగుంటుంది, ముక్క విరగదు. ‘తారా’ మెత్తన, గరిటె తగిలితే చెదిరిపోతుంది. తలకాయ పులుసు ఇష్టమైతే ‘బురి నో అరా’ అడగండి. తల, ముళ్ళ ముక్కలు కలిపి కట్టిన ప్యాకెట్, మామూలు ముక్కల కంటే చాలా చవక. వండేముందు మరిగే నీళ్ళు ఒక్కసారి పోసి, చన్నీళ్ళలో నెత్తురు, పొలుసు కడిగేస్తే నీచువాసన పోతుంది. పొరబాటు జరిగేది ఉప్పు చేపతో. సాల్మన్ ప్యాకెట్ మీద ‘కరకుచి’ అంటే కారం కాదు, ఉప్పు ఎక్కువ వేసింది. దాన్ని అలాగే పులుసులో వేస్తే నోట పెట్టలేం. రొయ్యల దగ్గర ‘బనమెయి’ అని ఉంటే మన వనామీయే. ఏ దేశానిదో అక్కడే రాసి ఉంటుంది, ‘ఇందో’ అని కనబడితే భీమవరం వైపు చెరువుల్లోదే కావచ్చు. ఇంత దూరం వచ్చి అదే కొనుక్కోవాలా అన్నది మీ ఇష్టం. చింతపండు, కందిపప్పు భారతీయ కొట్లలో దొరుకుతాయి. రైలెక్కితే దగ్గరే ఉన్న కోబెలో మనదేశపు కుటుంబాలు తరాలుగా ఉంటున్నాయి, అక్కడా చూడొచ్చు.

గొడ్డుమాంసం, పంది తిననివాళ్ళు మూడు మాటలు గుర్తుపెట్టుకోవాలి: ‘గ్యూ’ ఆవు, ‘బుతా’ పంది, ‘అయిబికి’ రెండూ కలిపిన కీమా. ‘గ్యూ’ అక్షరం పాల డబ్బా మీదా ఉంటుంది, దానికి కంగారు పడొద్దు. గ్యూదోన్ అమ్మే గొలుసు హోటళ్ళలో గిన్నె నిండా గొడ్డుమాంసమే. కూర చేసుకునే కర్రీ బిళ్ళల్లో పశువుల కొవ్వు కలపడం మామూలే. పదార్థాల చివర బ్రాకెట్లో అలర్జీ వరుస ఉంటుంది. అందులో గుడ్డు, పాలు, గోధుమ, రొయ్య, పీత వంటివి రాయడం తప్పనిసరి, గొడ్డు, పంది మాంసాలు సిఫార్సు మాత్రమే. కాబట్టి అక్కడ లేదని నమ్మేయకుండా ఫోను కెమెరాతో మొత్తం అనువదించి చూడండి.

శాకాహారులకు పెద్ద గండం ‘దాషి’. ఎండబెట్టిన చేప తురుముతో తీసిన రసం అది. మిసో సూపు, నూడిల్స్ రసం, టెంపురా (మన బజ్జీల్లాంటిది) ముంచుకునే పులుసు, చివరికి కూరగాయలు ఉడికించిన నీళ్ళలో కూడా వేస్తారు. ‘మాంసం వద్దు’ అంటే చేప రసం వాళ్ళ లెక్కలోకి రాదు, విడిగా చెప్పాలి. టెంపురా అయితే ఉప్పుతో ఇమ్మనండి. నిష్ఠగా ఉండేవాళ్ళకు కోయసాన్ కొండ మీది బౌద్ధ ఆలయాల్లో పెట్టే ‘షోజిన్’ భోజనం ఉంది. అందులో రసం సముద్రపు నాచుతో, పుట్టగొడుగులతో తీస్తారు.

హడావిడిలో కడుపు నింపేది కొట్లో దొరికే ఒనిగిరి, అంటే సముద్రపు నాచు ఆకు చుట్టిన అన్నం ముద్ద. కవరు మీద 1, 2, 3 అంకెలుంటాయి. 1 దగ్గరి పట్టీని కిందికి లాగి వెనకదాకా చుట్టూ చింపాలి. తర్వాత 2, 3 మూలల్ని రెండు పక్కలకూ లాగాలి. వరస తప్పితే లోపలి నాచు ఆకు కవరుతోనే వచ్చేస్తుంది.

చిన్న హోటళ్ళలో గుమ్మం దగ్గరే టికెట్ మెషిన్. ముందు డబ్బు వెయ్యాలి, తర్వాత బొమ్మ నొక్కాలి. చిల్లర దానంతటది రాకపోతే మీట తిప్పాలి. చీటీ వంటవాళ్ళకిచ్చి కూర్చోండి. మంచినీళ్ళు ఉచితం, టిప్పు ఇవ్వరు. మందు అమ్మే ‘ఇజకాయా’ల్లో అడగకుండానే చిన్న గిన్నె తెచ్చిపెట్టి తలకు 300 నుంచి 500 యెన్లు బిల్లులో వేస్తారు. అది కూర్చున్నందుకు తీసుకునేది, పోట్లాడినా తీసెయ్యరు. చాప్‌స్టిక్స్ అన్నంలో నిలువుగా గుచ్చకండి, అది చావు కర్మల్లో చేసేది. సుషీ, ఒనిగిరి చేత్తో తినొచ్చు.

పానీయాల మెషిన్లో ఎర్ర చీటీ ఉన్న సీసా వేడిది, నీలం చల్లది. ఎస్కలేటర్ మీద టోక్యోలో ఎడమ పక్క, ఒసాకాలో కుడి పక్క నిలబడతారు. రోడ్డు మీద చెత్తడబ్బాలు దాదాపు ఉండవు, చెత్త సంచిలోనే పెట్టుకుని గది దాకా తేవాలి. మెషిన్ల పక్కన ఉండేవి సీసాలకు, డబ్బాలకు మాత్రమే. మరుగుదొడ్డి గోడ మీద బటన్లు వరసగా ఉంటాయి. నీళ్ళు ఆగకపోతే చతురస్రం గుర్తున్నది నొక్కండి. విడిగా ఉన్న ఎర్ర బటన్ ముట్టుకోకండి, అది సాయానికి పిలిచేది. నొక్కితే మనిషి తలుపు కొడతాడు.