చైనా సరుకుకు బయల్దేరే ముందు: పరిచయాలతో జాగ్రత్త

ఏటా అక్టోబరు 15న గ్వాంగ్‌జౌలో కాంటన్ ఫెయిర్ మొదలవుతుంది. 1957 నుంచి నడుస్తున్న సంత అది. మూడు విడతలుగా నవంబరు మొదటి వారం దాకా సాగుతుంది. అది చూసుకుని చాలామంది రైలెక్కి ఈవూ అనే టోకు మార్కెట్ ఊరికి వెళ్తారు. బేగంబజార్లోనూ విజయవాడ వన్‌టౌన్లోనూ అమ్మే ఫ్యాన్సీ సామాను, గిఫ్ట్ ఐటమ్స్ చాలావరకు వచ్చేది అక్కణ్ణుంచే. 2020లో ఆగిపోయిన డైరెక్ట్ ఫ్లైట్లు 2025 అక్టోబరులో కోల్‌కతా–గ్వాంగ్‌జౌ సర్వీసుతో మళ్ళీ మొదలయ్యాక, ఈసారి మనమే స్వయంగా వెళ్ళి తెచ్చుకుందామని చూస్తున్న కుర్రాళ్ళు చాలామందే ఉన్నారు.

వీసా, డాలర్లు, హోటల్ గురించి చెప్పేవాళ్ళు బోలెడుమంది దొరుకుతారు. నేను రాస్తున్నది అక్కడ కలిసే మనుషుల గురించి. సెప్టెంబరు, అక్టోబరుల్లో వచ్చే వాళ్ళ చంద్రుడి పండుగ నుంచి ఫిబ్రవరి ప్రాంతంలో వచ్చే కొత్త సంవత్సరం దాకా విందులకు, కానుకలకు, మొహమాటాలకు సీజను. సరుకులో పోయే డబ్బుకన్నా మొహమాటంలో పోయేదే ఎక్కువ.

చైనాలో గ్వాన్‌షీ, అంటే ఇచ్చిపుచ్చుకునే పరిచయాల బలం, లేనిదే పని జరగదని మీరు వినే ఉంటారు. అందులో సగం నిజం. మన పెళ్ళిళ్ళలో చదివింపులు రాసే పుస్తకం ఉంటుంది కదా, ఫలానావారు ఇంత అని రాసుకుని, వాళ్ళింట్లో శుభకార్యం వచ్చినప్పుడు కాస్త ఎక్కువ కలిపి చదివిస్తాం. చైనా పల్లెల్లోనూ అచ్చం ఇలాంటి పద్దులే ఉన్నాయి. హైలోంగ్‌జియాంగ్ ప్రావిన్సులోని షియాజియా అనే పల్లెలో యాన్ యున్‌షియాంగ్ అనే మానవశాస్త్రవేత్త ఆ కానుకల పద్దులు పట్టుకునే ఊళ్ళో ఎవరికి ఎవరు ఎంత దగ్గరో తేల్చాడు. మన పుస్తకం పెళ్ళవగానే బీరువాలోకి పోతుంది. వాళ్ళ పద్దు మాత్రం ఆసుపత్రి బెడ్డుకూ పిల్లాడి బడి సీటుకూ ఫ్యాక్టరీ ఆర్డరుకూ కూడా తెరిచే ఉంటుంది. అందులో ఒకసారి మీ పేరు ఎక్కిందంటే ఇచ్చింది, పుచ్చుకున్నది రెండూ లెక్కే. ఎవరూ పైకి అడగరు, కానీ మర్చిపోరు.

ఇది వాళ్ళ రక్తంలో ఉందని తేల్చేయడం తప్పు. కూపన్లు లేనిదే బియ్యం, గుడ్డ, నూనె దొరకని రోజుల్లో కొట్టులో తెలిసినవాడుంటే వెనక తలుపు నుంచి వచ్చేవి. 1978 తర్వాత ప్రైవేటు వ్యాపారం మొదలైనప్పుడు దానికి తగిన చట్టాలూ లేవు, చిన్నవాడికి బ్యాంకు అప్పూ లేదు. వెన్‌జౌ పట్టణంలో బంధువులు, ఊరివాళ్ళు చిట్టీలు కట్టుకుని ఒకరికొకరు పెట్టుబడి పెట్టుకునే ఫ్యాక్టరీలు లేపారు. అదే వెన్‌జౌలో 2011లో వడ్డీలు కట్టలేక ఒక్కో యజమానీ రాత్రికి రాత్రి ఊరు వదిలి పారిపోతే, నమ్మి ఇచ్చిన చుట్టాలంతా మునిగారు. వాళ్ళ పరిచయాల బలాన్నీ బలహీనతనీ రెండింటినీ ఆ ఒక్క ఊరే చూపించింది.

పరిచయం అమ్మేవాడు

మొదట అనుమానించాల్సింది వీడిని. “అక్కడ నాకు పెద్ద గ్వాన్‌షీ ఉంది, కస్టమ్స్ ఆఫీసరు మా వాడే, ఫ్యాక్టరీ ఓనరు నా అన్నలాంటివాడు” అంటూ ముందే ఫీజు అడిగేవాడు మన వైపూ ఉంటాడు, అటు వైపూ ఉంటాడు. అసలైన పరిచయం ఉన్నవాడు దాన్ని పరాయివాడి కోసం అంత తేలిగ్గా ఖర్చు పెట్టడు. పరిచయం చేశాడంటే తన పరువు మధ్యలో పెట్టినట్టే. మీరు డబ్బు ఎగ్గొడితే ఫ్యాక్టరీవాడు ముందు అతన్నే నిలదీస్తాడు.

ఈవూ మార్కెట్లో 70 వేలకు పైగా దుకాణాలున్నాయి. పది కార్టన్లు కొనడానికి ఏ గ్వాన్‌షీ అక్కర్లేదు, కాలిక్యులేటర్ చాలు. అచ్చు మీ డిజైన్‌తో చేయించుకోవాలన్నా, అప్పు మీద సరుకు కావాలన్నా, సీజన్లో మీ ఆర్డరు ముందు కదలాలన్నా అప్పుడు పరిచయం పనికొస్తుంది. కమీషన్ ఏజెంటును పెట్టుకుంటే అతను మీ దగ్గర తీసుకునే కమీషన్ కాక ఫ్యాక్టరీ దగ్గర కూడా వెనక నుంచి తీసుకుంటున్నాడేమో చూసుకోండి. అందుకు పెద్ద పరిశోధన అక్కర్లేదు. అతను చూపించిన రేటును అదే వరసలో మరో మూడు కొట్లలో, అతను పక్కన లేనప్పుడు అడగండి.

ఇంకొకరి అప్పుకు మీ ముఖం

ఈ ఒక్క జాగ్రత్త గుర్తున్నా చాలు. 2011 డిసెంబరులో ఈవూలో ఇద్దరు భారతీయులను స్థానిక వ్యాపారులు నిర్బంధించారు. వాళ్ళు పనిచేసే కంపెనీ యజమాని సరఫరాదారులకు బాకీపడి పరారయ్యాడు. అతను దొరకలేదు కాబట్టి, రోజూ ఆర్డర్లు రాసుకుని టీ తాగి వెళ్ళిన ఈ ఇద్దరినీ పట్టుకున్నారు. విడిపించడానికి వెళ్ళిన మన దౌత్యాధికారికి మధుమేహం ఉంది. గంటల తరబడి సాగిన గొడవలో ఆయన కోర్టులోనే స్పృహ తప్పి పడిపోయాడు. 2012 జనవరిలో మన ఎంబసీ, ఈవూలో వ్యాపారానికి వెళ్ళొద్దని భారతీయ వ్యాపారులను హెచ్చరించాల్సి వచ్చింది.

కాగితం మీద బాకీ కంపెనీది. కానీ చిన్న సరఫరాదారు అప్పిచ్చింది కంపెనీని చూసి కాదు, కొట్టుకు వచ్చిన మనిషిని చూసి. అందుకే పక్క షాపు మిత్రుడికి “నేను చెప్తున్నాగా, ఇవ్వండి” అని హామీగా మాట ఇవ్వకండి. ఎవరి తరఫునైనా ఉద్యోగిగా వెళ్తుంటే ఆ కంపెనీకి అక్కడ పాత బాకీలున్నాయేమో ముందే కనుక్కోండి, ఆర్డరు ఫారం మీద మీ సొంత పేరు కాక కంపెనీ పేరు రాయించండి. డబ్బు తగాదా కోర్టుకెక్కితే, తేలేదాకా మనిషి దేశం దాటకుండా ఆపే అధికారం అక్కడి కోర్టులకు ఉంది. ఎయిర్‌పోర్టులో కౌంటర్ దగ్గరికి వెళ్ళేదాకా ఆ సంగతి తెలియకపోవచ్చు కూడా. పాత బాకీ ఏదైనా నలుగుతుంటే ముందు దాన్ని తేల్చుకుని, ఆ తర్వాత టికెట్ కొనండి.

విందు

ఆర్డరు కాస్త పెద్దదైతే రాత్రి భోజనానికి పిలుస్తారు. వెళ్ళండి, మానొద్దు. హోటల్లో విడిగా గది, మధ్యలో తిరిగే అద్దం పలకతో గుండ్రటి బల్ల. తలుపుకు ఎదురుగా ఉన్న కుర్చీ పిలిచినవాడిది, అతని కుడిపక్కది ముఖ్య అతిథిది. చూపించేదాకా కూర్చోకండి. చేప వస్తే తల మీ వైపు తిప్పి పెడతారు, అది మర్యాద. చాప్‌స్టిక్స్‌ని అన్నంలో నిలువుగా గుచ్చకూడదు, చనిపోయినవాళ్ళ ముందు అగరొత్తులు గుచ్చినట్టు ఉంటుంది.

అసలు టెన్షన్ మందు దగ్గర. బైజ్యు అని తెల్లగా నీళ్ళలా ఉంటుంది, చాలా రకాల్లో 50 శాతానికి పైనే ఆల్కహాలు. చిన్న గ్లాసే కదా అని మొదలుపెడితే, బల్ల చుట్టూ ఉన్న ఎనిమిది మందీ లేచి ఒక్కొక్కరూ మీతో “గన్‌బేయ్” (గ్లాసు ఖాళీ చెయ్) అంటారు. అంటే మీకు ఎనిమిది గ్లాసులు, వాళ్ళకు తలా ఒకటి. తాగని వాళ్ళు మొదటి గ్లాసు పోయకముందే చెప్పాలి. రెండు తాగి మూడోది వద్దంటే, ఆ మూడోవాణ్ణి చిన్నబుచ్చినట్టు అవుతుంది. డాక్టరు వద్దన్నాడనండి, లేదా ఉపవాసమనండి. మందుకు బదులు టీ ఎత్తి పలకరించడం అక్కడ పాత పద్ధతే, ఎవరూ ఏమీ అనుకోరు. గ్లాసు తాకించేటప్పుడు పెద్దవాళ్ళ గ్లాసుకన్నా మీది కొంచెం కిందకు పట్టుకోండి, ఆ చిన్న పనికే ముఖాలు వికసిస్తాయి.

బల్ల దగ్గర రేటు మాట్లాడకండి. ముఖ్యంగా ఆ రాత్రి ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి, ఫోన్లో “ఓకే” అని మెసేజ్ కూడా పంపకండి. తెల్లారి ఆఫీసులో మాట్లాడదాం అంటే చాలు. ఊరు వదిలేలోపు మీరూ ఒక పూట వాళ్ళను పిలవండి. మీ పేరు మీద బాకీ పెట్టుకుని రావడం ఎందుకు?

కానుకలు, కవర్లు

కొండపల్లి బొమ్మ, పోచంపల్లి స్టోల్ లాంటివి బాగుంటాయి. గడియారం, గొడుగు, కత్తి ఇవ్వొద్దు. తెల్ల కాగితంలో చుట్టొద్దు, నాలుగు అంకె రాకుండా చూసుకోండి. తీసుకునే ముందు రెండు మూడు సార్లు వద్దంటారు, అది అలవాటు. మీ ముందు విప్పి చూడకపోతే నచ్చలేదని కాదు.

ఖరీదు పెరిగిందంటే మాత్రం కథ మారుతుంది. 2012 డిసెంబరులో షీ జిన్‌పింగ్ నాయకత్వంలోని కమ్యూనిస్టు పార్టీ ఎనిమిది సూత్రాల నియమావళి తెచ్చాక, అధికారులు చంద్రుడి పండుగకు ప్రజల సొమ్ముతో మూన్‌కేకులనే మిఠాయిలు పంచుకోవడం దగ్గర్నుంచి విందుల దాకా అన్నిటి మీదా కన్ను పడింది. 2025 మేలో అధికారిక విందుల్లో మందు కూడా నిషేధించారు. కాబట్టి కస్టమ్స్, పోర్టు, తనిఖీ శాఖ మనుషులకు మీరు టీ డబ్బా కూడా ఇవ్వకండి. ఆఫీసరుకు కాదు, ప్రైవేటు కంపెనీ కొనుగోలు మేనేజరుకే కదా అనుకున్నా కుదరదు. అక్కడి క్రిమినల్ చట్టంలో దానికీ శిక్ష ఉంది. డాక్టర్లకు ముడుపులిచ్చిన కేసులో గ్లాక్సోస్మిత్‌క్లైన్ చైనా విభాగానికి 2014లో ఛాంగ్‌షా కోర్టు 300 కోట్ల యువాన్ల జరిమానా వేసింది. పెద్ద అధికారుల పిల్లలకు ఉద్యోగాలిచ్చి వ్యాపారం తెచ్చుకున్నందుకు జేపీ మోర్గాన్ 2016లో అమెరికాలో సుమారు 26.4 కోట్ల డాలర్లు కట్టింది. వాళ్ళ లాయర్లే కాపాడలేకపోయారు, మనమెంత?

“మన మధ్య ఏముంది” అన్నప్పుడు

చిక్కుల్లోకెల్లా పెద్ద చిక్కు మీకు మేలు చేస్తున్నట్టు వస్తుంది. పోయిన సీజన్లో ఒక కుర్రాడు అక్కణ్ణుంచే ఫోన్ చేశాడు. “అన్నా, కంపెనీ ఖాతాకైతే ట్యాక్స్ పడుతుందట, వాళ్ళ వదిన ఖాతాకి వెయ్యమంటున్నాడు. రెండు శాతం తగ్గిస్తాడట. కాదంటే ఫీలవుతాడేమో.”

“ఫీలవనీ తమ్ముడూ. నాకిష్టమే గానీ మా బ్యాంకు ఒప్పుకోదని చెప్పు. తప్పు బ్యాంకు మీదకి నెట్టెయ్.”

కాదనడానికి అక్కడ ఇదే మంచి దారి. మీరు వద్దంటే అతని ముఖం మీద అన్నట్టు, బ్యాంకు వద్దంటే ఎవరికీ బాధ లేదు. పైగా అది నిజం కూడా. మన బ్యాంకు దిగుమతి డబ్బు పంపాలంటే ఇన్‌వాయిస్ మీది పేరు, ఖాతా పేరు, తర్వాత వచ్చే బిల్ ఆఫ్ ఎంట్రీ (కస్టమ్స్‌లో ఇచ్చే దిగుమతి పత్రం) అన్నీ సరిపోవాలి. చైనాలో మామూలు మనిషికి విదేశీ మారకం ఏడాదికి 50 వేల డాలర్ల పరిమితి ఉంది, అందుకే వదిన తర్వాత బావమరిది ఖాతా వస్తుంది. సరుకు రాకపోతే మీరు డబ్బు ఇచ్చింది ఫ్యాక్టరీకి కాదు, ఎవరో ఆవిడకి.

ఇన్‌వాయిస్ విలువ తగ్గించి రాసిస్తాననేది ఇంకో మేలు. దాని ఫలితం అక్కడ కాదు, చెన్నై పోర్టులో కంటైనర్ ఆగినప్పుడు కనిపిస్తుంది. అప్పుడు కస్టమ్స్ చట్టం ముందు నిలబడేది మీరొక్కరే. “ఖాతా నంబరు మారింది” అని ఈమెయిల్ వస్తే మాత్రం ఎంత పాత పరిచయమైనా వీడియో కాల్ చేసి ముఖం చూసి అడిగాకే డబ్బు వేయండి.

కాగితం అడిగితే స్నేహం చెడుతుందని భయపడకండి. బిజినెస్ లైసెన్సు మీద అంకెలు, ఇంగ్లీషు అక్షరాలు కలిపి 18 స్థానాల రిజిస్ట్రేషన్ కోడ్ ఉంటుంది, ప్రభుత్వ వెబ్‌సైటులో కొడితే కంపెనీ ఉందో లేదో తేలుతుంది. ఒప్పందం మీద సంతకం కన్నా గుండ్రటి ఎర్ర ముద్ర ముఖ్యం. అందులోని చైనీస్ పేరు లైసెన్సు మీది పేరుతో అక్షరం అక్షరం సరిపోవాలి. తగాదా వస్తే మధ్యవర్తిత్వమని, హాంకాంగ్‌లోనో చైనాలోనో అని, రాయించుకోండి. మన కోర్టు తీర్పు తీసుకెళ్ళి చైనాలో అమలు చేయించడం కష్టం. మధ్యవర్తిత్వ తీర్పులకైతే, పరాయి దేశపు తీర్పును అమలు చేయడానికి ఒప్పుకున్న న్యూయార్క్ ఒప్పందంలో రెండు దేశాలూ ఉన్నాయి.

తిరిగొచ్చాక

వీచాట్ మన దగ్గర 2020 జూన్ నుంచి నిషేధం. అక్కడ ఆ యాప్‌లోనే పలకరింపులు, బేరాలు, పండుగ డబ్బు కవర్లు అన్నీ. అందుకే అక్కడ ఉండగానే ఈమెయిలో వాట్సాపో ఏది నడుస్తుందో రాసుకుని, ఒకటికి రెండుసార్లు పరీక్షించి రండి. బేరాల స్క్రీన్‌షాట్లు అక్కడే దాచుకోండి. కొత్త సంవత్సరానికి ముందు, 2027లో అది ఫిబ్రవరి 6న, ఫ్యాక్టరీలు వారాల తరబడి మూతపడతాయి. తెరిచాక పనివాళ్ళందరూ తిరిగి రారు. ఆ నెలలో తొందరపెట్టి ఏమీ సాధించలేరు. పండుగ రోజున ఒక శుభాకాంక్ష పంపితే, మార్చిలో మీ ఆర్డరు కాస్త ముందు కదులుతుంది.

నిజంగా గొడవ ముదిరితే గదిలో కూర్చుని ఒంటరిగా బేరమాడకండి. ఈవూ ఉన్న జజియాంగ్ ప్రావిన్సు షాంఘైలోని మన కాన్సులేట్ కిందకి వస్తుంది, గ్వాంగ్‌జౌలో వేరే కాన్సులేట్ ఉంది. ఆ రెండు నంబర్లూ ఫోన్లోనే కాదు, పాస్‌పోర్టు కవర్లో కాగితం మీద కూడా పెట్టుకోండి. ఈవూలోనే 2013 నుంచి విదేశీ వ్యాపారుల తగాదాలు తీర్చే మధ్యవర్తుల కమిటీ ఉంది, అందులో అక్కడ స్థిరపడిన పరదేశీ వ్యాపారులే కూర్చుంటారు. అక్కడికి వెళ్ళేటప్పుడు ఎర్ర ముద్ర ఉన్న ఒప్పందం, బ్యాంకు రసీదు, ఆ స్క్రీన్‌షాట్ల ప్రింట్లు తీసుకెళ్ళండి.