911కు ఫోన్ చేసినందుకు ఇల్లు ఖాళీ చేయమంటే ఏం చేయాలి

అమెరికాలోని అనేక పట్టణాల్లో న్యూసెన్స్ ఆర్డినెన్స్ అనే స్థానిక చట్టాలున్నాయి. 911 అనే అత్యవసర నంబరుకు ఫోన్లు వచ్చి ఒక ఇంటికి పోలీసులు నిర్ణీత సంఖ్యకు మించి రావలసి వస్తే, పట్టణం వారు యజమానికి జరిమానా వేస్తారు, లేదా అద్దె లైసెన్సు రద్దు చేస్తామంటారు. ఆ బెడద వదిలించుకోవడానికి యజమాని అద్దెకున్నవారిని ఖాళీ చేయమంటాడు. ఇంట్లో దెబ్బలు తిని సహాయం కోరిన స్త్రీకే ఈ శిక్ష పడడం ఘోరమైన అన్యాయం. పెన్సిల్వేనియాలోని నారిస్‌టౌన్‌లో నాలుగు నెలల్లో మూడుసార్లు పోలీసులు వస్తే చర్య తీసుకోవచ్చన్న నియమం ఉండేది. దానికి భయపడి, 2012లో మెడపై గాజుముక్కతో గాయమైన రోజున కూడా ఒక తల్లి పోలీసులను పిలవలేదు, పొరుగువారు పిలిచారు. ఆమె వేసిన దావా 2014లో రాజీతో ముగిసి, ఆ నియమం రద్దయింది.

అందువల్ల ప్రాణాపాయం ఉన్నప్పుడు ఫోన్ చేయడం మానవద్దు. తెలుగు దుభాషి కావాలని అడగవచ్చు.

నోటీసు అందగానే ఇల్లు వదలవద్దు, ఎందుకంటే ఖాళీ చేయించే అధికారం కోర్టుకే ఉంది. కోర్టు సమను వస్తే వాయిదాకు తప్పక హాజరు కావాలి. నోటీసులో ఏయే తేదీల ఫోన్లను లెక్కించారో చూసి, ఆ తేదీల పోలీసు రిపోర్టుల ప్రతులు తీసుకుని, అవి గృహహింసకు సంబంధించినవని యజమానికీ పట్టణానికీ రాతపూర్వకంగా తెలియజేయండి. కాగితాలను హింసించే వ్యక్తి చేతికి చిక్కని చోట దాచండి. 2022లో పునరుద్ధరించిన మహిళలపై హింస నిరోధక చట్టం ప్రకారం, సామాజికాభివృద్ధి కోసం ఫెడరల్ గ్రాంటు పొందే పట్టణాలు సహాయం కోసం ఫోన్ చేసినవారిని శిక్షించకూడదు. దీనిపై ఫెడరల్ గృహనిర్మాణ శాఖకు ఏడాదిలోగా ఫిర్యాదు చేయవచ్చు. ఇలినాయ్, న్యూయార్క్ వంటి రాష్ట్రాలకు సొంత రక్షణ చట్టాలు కూడా ఉన్నాయి.

ఫెడరల్ సహాయంతో నడిచే ఇళ్లలో రక్షణ ఇంకా గట్టిది. హింసకు రుజువు కావాలని యజమాని రాతపూర్వకంగా అడిగితే, సమాధానానికి కనీసం 14 పనిదినాల గడువుంటుంది. సాధారణంగా ఫెడరల్ గృహనిర్మాణ శాఖ వారి 5382 నంబరు ఫారంలో మీరు స్వయంగా ఇచ్చే ధ్రువీకరణ సరిపోతుంది. హింసించినవాడిని మాత్రమే లీజు నుంచి తొలగించే వీలు కూడా ఉంది.

హెచ్-4 వీసాపై (ఉద్యోగ వీసా ఉన్నవారి భార్యకు లేదా భర్తకు ఇచ్చేది) వచ్చిన చాలామంది విషయంలో లీజు భర్త పేరునే ఉంటుంది. ఈ సంగతి న్యాయసహాయ సంస్థ వకీలుకు మొదటే చెప్పాలి. జాతీయ గృహహింస హాట్‌లైన్ 1-800-799-7233కు కాల్ చేసేటప్పుడు కుటుంబ ప్లాన్‌లో లేని ఫోను వాడండి, లేకపోతే ఆ నంబరు బిల్లులో కనిపించవచ్చు.