ట్రెక్ టు యోమి ఆడాలంటే ముందు వేళ్ళని అదుపులో పెట్టుకోండి

కత్తి చేతికి రాగానే అందరం చేసేది ఒకటే, అటాక్ బటన్ మీద టకటకా నొక్కుకుంటూ పోవడం. కాసేపు నడుస్తుంది. ఆ తర్వాత ముందొకడు వెనకొకడు వచ్చి నిలబడేసరికి మనం ఆడించే సమురాయ్ కుర్రాడు హిరోకి, వాడి పని అయిపోతుంది.

2022లో వచ్చిన వీడియో గేమ్ ఇది. ఎడో కాలం నాటి జపాన్, చనిపోతున్న గురువుకి ఊరిని కాపాడతానని మాటిచ్చిన కుర్రాడి కథ. ఘోస్ట్ ఆఫ్ సుషిమా అనే ఇంకో సమురాయ్ గేమ్‌లో నలుపు తెలుపు కావాలంటే పెట్టుకునే మోడ్ మాత్రమే, ఇక్కడ ఆట మొత్తం అంతే. పాత సమురాయ్ సినిమాల్లో షాట్ పెట్టినట్టు కెమెరా కోణం కూడా వాళ్ళే పెట్టేశారు, మనం తిప్పడానికి లేదు.

అందుకే ముందు గది సంగతి చూసుకోండి. బెజవాడ ఎండల్లో మిట్టమధ్యాహ్నం కిటికీ తీసి ఆడితే స్క్రీన్ మీద మీ మొహం తప్ప ఏమీ కనపడదు, ఎందుకంటే సగం సీన్లు చీకట్లోనే ఉంటాయి. కర్టెన్ వేసి బ్రైట్‌నెస్ కొంచెం పెంచండి. మాటలు జపనీస్‌లోనే ఉంచుకుని సబ్‌టైటిల్స్ పెట్టుకోండి, కూలర్ హోరులో ఆ మాటలూ వినపడవు కాబట్టి హెడ్‌ఫోన్స్ ఉంటే మంచిది.

ఇక అసలు విషయం, ఫైట్. కత్తి కాంతారావు సినిమాల్లోలా మెట్లెక్కుతూ దిగుతూ ఖణేల్ ఖణేల్‌మని గంటసేపు కొట్టుకోవడం ఇక్కడ ఉండదు, రెండు మూడు వేట్లలో ఎవడో ఒకడు పడిపోవాలి. స్టామినా బార్ మీద ఒక కన్ను వేసి ఉంచండి. కొట్టినా ఖర్చే, కాచుకున్నా ఖర్చే, అది అయిపోయిందంటే హిరోకి ఆయాసంతో వంగిపోతాడు, శత్రువుకి కావాల్సిందీ అదే. కాబట్టి రెండు దెబ్బలు వేసి ఆగండి. శత్రువు కత్తి ఎత్తినప్పుడు కంగారుపడి ముందే బ్లాక్ నొక్కి పట్టుకోకండి, కత్తి కిందకి దిగి మీకు తగలబోయే క్షణంలో నొక్కితే అది ప్యారీ అవుతుంది, వాడు తూలతాడు, మీకు ఫ్రీగా ఒక దెబ్బ దొరుకుతుంది. తూలుతున్నవాణ్ణి ఫినిషర్‌తో (పని ముగించే ఆఖరి దెబ్బ) చంపితే మీ హెల్త్ కొంత తిరిగొస్తుంది, ఈ ఒక్క అలవాటు చేసుకుంటే సగం టెన్షన్ పోతుంది. ఇంకోటి, వెనక్కి తిరగడానికి విడిగా బటన్ ఉంది. స్టిక్ అటు తోస్తే తిరుగుతాడనుకుంటే వీపు మీద పడుతుంది. మొదటి చాప్టర్‌లో శత్రువులు లేనప్పుడే అటూ ఇటూ తిరిగి వేలికి అలవాటు చేసేయండి.

బో-షురికెన్ (విసిరే మేకుల్లాంటి కత్తులు), విల్లు, తర్వాత తుపాకీ లాంటి ఓజుట్సు కూడా వస్తాయి. అవి చిల్లరగాళ్ళ మీద వేస్ట్ చేయకండి, దూరం నుంచి బాణాలు వేసేవాడి కోసం దాచుకోండి. పక్క సందుల్లోకి మాత్రం తప్పకుండా దూరండి, హెల్త్, స్టామినా పెంచేవి అక్కడే ఉంటాయి. దుంగల్ని కట్టిన తాడు కనిపిస్తే తెంపేయండి, కింద ఉన్నవాళ్ళందరూ ఒకేసారి పోతారు (చూడ్డానికి భలే ఉంటుంది).

సేవ్ అయ్యేది దారిలో వచ్చే చిన్న మందిరాల దగ్గరే. ఇన్వర్టర్ లేని ఇంట్లో ఆడుతుంటే మందిరం కనపడగానే ముందు అక్కడికి వెళ్ళండి, కరెంటు పోతే మళ్ళీ పాత మందిరం నుంచే మొదలు.

మొదటిసారికి మామూలు కష్టం ఉండే బుషిడో లెవెల్ చాలు. కథ కోసమే అయితే తేలిక లెవెల్ కబుకి పెట్టుకోండి, అందులో సిగ్గుపడేదేం లేదు. ఒకసారి పూర్తి చేశాక కెన్సెయ్ అనే లెవెల్ తెరుచుకుంటుంది. అందులో ఎవరికైనా ఒక్క దెబ్బే, వాడికీ అంతే మీకూ అంతే. ప్యారీ చేతికి బాగా వచ్చినవాళ్ళకి నిజానికి బుషిడో కంటే కష్టమైన రోనిన్ లెవెల్ కంటే ఇదే తేలికనిపిస్తుంది.