నడవలేని బిడ్డని తీసుకుని వేరే దేశంలో స్థిరపడాలంటే ఏం చేయాలి, ఎలా చేయాలి?

మా చిన్నోడికి సెరిబ్రల్ పాల్సీ. నడవడు, మెడ కొంచెమే నిలబడుద్ది, మాటలు రావు కానీ మనం చెప్పేవన్నీ అర్థమవుతాయి. వాడికి తొమ్మిదేళ్ళప్పుడు తిరుపతి బైరాగిపట్టెడలో ఇల్లు ఖాళీ చేసి కెనడా వచ్చాం. అప్పట్నుంచీ తిరుపతి, చిత్తూరు, మదనపల్లె వైపు నుంచి నాకు ఫోన్లు వస్తానే ఉన్నాయి, అక్కా మా పాపకి ఆటిజం, వీసా ఇస్తారా, మా అబ్బాయికి వినపడదు తీసుకెళ్ళొచ్చా అని. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే ఒకచోట రాస్తే మేలు అనిపించింది.

ముందే ఒక మాట. చాలావరకు జబ్బు పేరు ఒక్కటే చూసి వీసా ఆపరు. ఆ బిడ్డకి ఏ సేవలు కావాలి, వాటికి ఆ దేశం ఎంత ఖర్చు పెట్టాలి, ఇదే వాళ్ళు చూసేది. అది కూడా ఎక్కువగా బిడ్డని చూసి కాదు, మనం ఇచ్చిన కాగితాలు చూసి. అందుకే ఉద్యోగం, పాయింట్లు అన్నీ తర్వాత, బిడ్డ కాగితాలు ముందు.

1. ముందు దేశాన్ని చూసుకోండి

అందరూ ఐఈఎల్‌టీఎస్‌తో మొదలుపెడతారు. మీరు మాత్రం రూల్‌తో మొదలుపెట్టండి.

కెనడాలో ఒక మనిషి ఆరోగ్యం కోసం ప్రభుత్వానికి అయ్యే ఖర్చు ఒక హద్దు దాటితే పీఆర్ (శాశ్వతంగా ఉండే అనుమతి) ఆపేయొచ్చు. 2024లో ఆ హద్దు ఏడాదికి 26,220 డాలర్లు, ఐదేళ్ళకి 1,31,100. ఇది ఏటా మారుద్ది. 2018 జూన్‌లో వాళ్ళు పెద్ద మార్పే చేశారు, హద్దుని మూడింతలు పెంచి స్పెషల్ ఎడ్యుకేషన్, సోషల్ సర్వీసులు, ఇంట్లో చూసుకునే మనిషి ఖర్చు, ఇవేవీ లెక్కలోకి రాకుండా తీసేశారు. మా లాంటి వాళ్ళకి తలుపు తెరుచుకుంది అప్పుడే. ఇప్పుడు ముఖ్యంగా లెక్కేసేది ఆస్పత్రి, డాక్టర్లు, నర్సింగ్, ప్రభుత్వం భరించే మందులు. వీల్‌చైర్‌లో ఉన్న బిడ్డ కంటే నెలకి లక్షల మందు వాడే మామూలుగా నడిచే మనిషికే అక్కడ ఎక్కువ ఇబ్బంది, ఇది చానామందికి తెలీదు.

ఆస్ట్రేలియాలో 2024 జూలై 1 నుంచి హద్దు 86,000 ఆస్ట్రేలియన్ డాలర్లు. అక్కడ ఇంట్లో ఒక్కరు హెల్త్‌లో ఫెయిల్ అయితే అందరూ ఫెయిల్. స్పాన్సర్ లేకుండా పాయింట్ల మీద ఇచ్చే 189 లాంటి వీసాకి మినహాయింపు అడిగే దారే లేదు, కంపెనీ స్పాన్సర్ చేసే 482కి ఉంది. కాబట్టి మా ఫ్రెండ్ 189లో పోయాడు కదా అని మీరూ అదే పెట్టకండి. న్యూజిలాండ్‌లో హద్దు 81,000 న్యూజిలాండ్ డాలర్లు.

అమెరికా దారి వేరు. హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగుల పిల్లలకిచ్చే వీసా) మీద వెళ్ళే బిడ్డకి మామూలుగా మెడికల్ టెస్టే ఉండదు, గవర్నమెంట్ స్కూల్లో చేర్చుకుని ఐఈపీ (ఆ బిడ్డకి విడిగా చదువు ప్లాన్) రాసి చదువుకి కావాల్సిన థెరపీ ఫ్రీగా ఇస్తారు. కానీ 21 దాటితే హెచ్-4 పోతుంది, వైకల్యం ఉంది అన్నా సడలింపు లేదు. పదిహేనేళ్ళ బిడ్డ ఉన్నవాళ్ళు, మన ఇండియా వాళ్ళకి గ్రీన్‌కార్డు ఎన్నేళ్ళు పడుతుందో తెలిసిందే కాబట్టి, ఈ లెక్క ముందే వేసుకోవాలి. కెనడాలో మామూలుగా 22 లోపే డిపెండెంట్, కానీ వైకల్యం వల్ల 22 లోపు నుంచే తల్లిదండ్రుల మీద ఆధారపడి ఉంటే ఆ వయసు దాటినా డిపెండెంట్‌గానే తీసుకుంటారు.

అన్నదమ్ముల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ ఏడ్చి ఫోన్ చేసేది వాళ్ళే. అమ్మానాన్న పెద్దవాళ్ళయ్యారు, తమ్ముడికి బుద్ధిమాంద్యం, నేను తీసుకెళ్తాను అంటారు. తోడబుట్టినవాళ్ళని మీ డిపెండెంట్‌గా పెట్టడం కుదరదు. కెనడాలో ఒక దారుంది, అమ్మానాన్నని స్పాన్సర్ చేస్తే వాళ్ళ డిపెండెంట్‌గా తమ్ముడు రావొచ్చు, కానీ అక్కడ ఖర్చు లెక్క వర్తిస్తుంది, ఆ స్కీమ్ ఎప్పుడు తెరుస్తారో కనిపెట్టుకుని ఉండాలి.

2. బిడ్డని దాచొద్దు

దీన్ని విడిగా రాస్తున్నా. మేం మొదట వెళ్ళిన ఒక కన్సల్టెన్సీలో ఏం చెప్పారంటే, మేడం ఫామ్‌లో బాబుని రాయకండి, మీరిద్దరూ ముందెళ్ళి తర్వాత స్పాన్సర్ చేసుకోండి అని. బయటికొచ్చాక మా ఆయన లీలామహల్ సర్కిల్ దగ్గర బండి ఆపేసి చానాసేపు ఏం మాట్లాడలేదు.

కెనడా రూల్ ఏంటంటే, మీతో వచ్చినా రాకపోయినా బిడ్డ పేరు రాయాలి, మెడికల్ చేయించాలి. ఆ రోజు రాయకపోతే తర్వాత ఆ బిడ్డని ఫ్యామిలీ స్పాన్సర్‌షిప్‌లో తెచ్చుకునే హక్కే పోవచ్చు. అబద్ధం బయటపడితే ఐదేళ్ళు అప్లై చేయకుండా నిషేధం. ఆ కన్సల్టెంట్ చెప్పినట్టు విని ఉంటే వాడు ఈరోజు వాళ్ళ అవ్వ దగ్గర తిరుపతిలో, మేం ఇక్కడ. ఎవరికైనా డబ్బు కట్టేముందు కెనడా అయితే వాళ్ళ లైసెన్స్ నంబరు, ఆస్ట్రేలియా అయితే మారా (అక్కడి వీసా ఏజెంట్లని రిజిస్టర్ చేసే సంస్థ) నంబరు అడిగి ఆన్‌లైన్‌లో చూడండి.

3. ఇండియాలో తీసుకోవాల్సిన కాగితాలు

సదరం (వైకల్య) సర్టిఫికెట్ లేకపోతే వార్డు సచివాలయంలో గానీ మీసేవలో గానీ స్లాట్ పెట్టించండి, యూడీఐడీ (కేంద్రం ఇచ్చే వికలాంగుల గుర్తింపు) కార్డు కూడా తీసుకోండి. వీసాకి ఇవి తప్పనిసరి అని కాదు, కానీ పేరు, పుట్టిన తేదీ అన్నిట్లో ఒకేలా ఉండాలి. మా వాడి సదరంలో ఇంటిపేరు వెనక, పాస్‌పోర్ట్‌లో ముందు, దాన్ని సరిచేయించడానికే నెలన్నర తిరిగాం.

పాస్‌పోర్ట్‌కి తిరుపతిలోనే సేవా కేంద్రం ఉంది. నాలుగేళ్ళు దాటిన పిల్లలకి ఫోటో అక్కడే కౌంటర్‌లో తీస్తారు. మెడ నిలవని బిడ్డకి అదెంత కష్టమో చెప్తే అర్థం కాదు. నేను వాడి కుర్చీ వెనక కింద కూర్చుని, తెల్ల చున్నీ చేతికి చుట్టుకుని, మెడ వెనక నుంచి పట్టుకున్నా, నా చెయ్యి ఫోటోలో తెల్ల గోడలా కలిసిపోవాలని. నాలుగోసారికి కళ్ళు తెరిచి చూశాడు. ఆ కౌంటర్ అమ్మాయి ఓపికకి దండం పెట్టాలి. మీరూ ఒక తెల్ల గుడ్డ తీసుకెళ్ళండి.

18 దాటిన బిడ్డకి ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం ఉంటే నేషనల్ ట్రస్ట్ చట్టం 1999 కింద గార్డియన్ ఆర్డర్ తీసుకోవాలి. కలెక్టర్ అధ్యక్షతన ఉండే లోకల్ లెవెల్ కమిటీ ఇస్తుంది. అమ్మానాన్నలమే కదా మళ్ళీ ఆర్డర్ ఎందుకు అంటారు, కానీ 18 తర్వాత సంతకం మీరు పెడితే ఏ హక్కుతో పెట్టారని బయట దేశంలో అడుగుతారు.

4. డాక్టర్ లెటర్, అన్నిటికంటే ముఖ్యమైంది ఇదే

మాకు దెబ్బ తగిలింది ఇక్కడే. మొదట ఒక ఆస్పత్రిలో రిపోర్ట్ అడిగితే మూడు లైన్లు రాసిచ్చారు, పూర్తిగా ఇతరుల మీద ఆధారపడిన రోగి, జీవితాంతం వైద్య సేవలు అవసరం అని. మేం అది చదివి చూసుకోకుండానే అప్‌లోడ్ చేసేశాం. కొన్ని నెలలకి కెనడా నుంచి ఫెయిర్‌నెస్ లెటర్ వచ్చింది, మీ బాబు వల్ల అధిక భారం పడేలా ఉంది, దీనికి మీ జవాబు ఏంటి అని. ఆ రాత్రి ఇంట్లో పొయ్యి వెలగలేదు.

తర్వాత కూర్చుని నిజంగా వాడికి ఏమేం వాడుతున్నామో రాసుకుంటే ఏముంది, వారానికి ఒకసారి ఫిజియో, ఫిట్స్‌కి రెండు రకాల మందు, ఏడాదికోసారి తుంటి ఎక్స్‌రే. అంతే! ఆస్పత్రిలో పడుకుని నాలుగేళ్ళయింది. ఆ మూడు లైన్లకీ మా బిడ్డకీ సంబంధమే లేదు.

పిల్లోణ్ణి మొదట్నుంచీ చూస్తున్న స్పెషలిస్టు దగ్గర కొత్త లెటర్ రాయించాం. మీరు మొదటే ఇలా రాయించుకోండి: జబ్బు పేరు, ఏ లెవెల్ (సెరిబ్రల్ పాల్సీకి జీఎమ్ఎఫ్‌సీఎస్ అని ఒకటి నుంచి ఐదు దాకా ఉంటుంది), మందుల జనరిక్ పేర్లు, డోసు, నెలకి ఎంత అవుతుంది, చివరిసారి ఫిట్స్ ఎప్పుడు వచ్చింది, చివరిసారి ఆస్పత్రిలో ఎప్పుడు చేరాడు, ముందు ముందు ఏదైనా ఆపరేషన్ అనుకుంటున్నారా లేదా, తిండి ఎలా తింటాడు, స్కూల్లో ఏం చేస్తాడు. కావాలి అన్నవి ఎంత నిజంగా రాయాలో, అక్కర్లేదు అన్నవీ అంతే నిజంగా రాయాలి. తక్కువ చేసి రాయించమని డాక్టర్‌ని బతిమాలొద్దు, అది మళ్ళీ అబద్ధమే. మన వైపు వాళ్ళకి వెల్లూరు సీఎంసీ, బెంగళూరు నిమ్హాన్స్, చెన్నై దగ్గర ముట్టుకాడులో నీప్మెడ్ (బహుళ వైకల్యాల జాతీయ సంస్థ) అందుబాటులో ఉన్నాయి, ఎముకలు కీళ్ళ ఆపరేషన్ల చరిత్ర ఉంటే తిరుపతి బర్డ్ (టీటీడీ ఎముకల ఆస్పత్రి)లోనే ఫైలు ఉంటుంది, దాని కాపీ తీసుకోండి.

ఫెయిర్‌నెస్ లెటర్ వస్తే భయపడొద్దు, అది రిజెక్షన్ కాదు. గడువు లెటర్‌లోనే ఉంటుంది, సరిపోకపోతే ఇంకొంచెం టైం అడగొచ్చు. కొత్త లెటర్, మందుల బిల్లులు, కంపెనీ ఇన్సూరెన్స్‌లో ఏ మందులు కవర్ అవుతాయో ఆ కాగితం, ఇంట్లో ఎవరు ఎలా చూసుకుంటామో ఒక ప్లాన్, అన్నీ కలిపి పంపాం. మూడు నెలలకి మెడికల్ పాస్ అని వచ్చింది.

5. మెడికల్ రోజు

మన డాక్టర్ చేస్తే చెల్లదు, ఆ దేశం గుర్తించిన పానెల్ డాక్టరే చేయాలి, మనకి చెన్నై, బెంగళూరు, హైదరాబాద్. మా టైంలో అప్లికేషన్ తర్వాత చేయించాం, 2025 ఆగస్టు 21 నుంచి ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ (కెనడాలో పాయింట్ల మీద పీఆర్ ఇచ్చే దారి) వాళ్ళు ముందే చేయించుకుని అప్లికేషన్ పెట్టాలి. అంటే డాక్టర్ లెటర్ అప్పటికే చేతిలో ఉండాలి.

మేం తెల్లారుజామున నాలుక్కి కారులో బయల్దేరి పుత్తూరులో ఇడ్లీ పెట్టించుకుని వాడికి మెదిపి తినిపించి వెళ్ళాం. ఆకలితో తీసుకెళ్ళకండి, ఏడుస్తుంటే డాక్టర్ చూసేది ఏడుపే. పదకొండేళ్ళు నిండితే కెనడాకి ఛాతీ ఎక్స్‌రే కూడా ఉంటుంది, కదలకుండా ఉండలేని పిల్లలైతే అపాయింట్‌మెంట్ అప్పుడే ఆ సంగతి చెప్పండి.

6. అవ్వ లేకుండా ఒక నెల

ఇది ఏ కన్సల్టెంటూ చెప్పడు. తిరుపతిలో మా వాణ్ణి ఎత్తడానికి ఇంట్లో నలుగురం. స్నానం మా ఆయన, అన్నం మా అత్త, మధ్యాహ్నం మా ఆడబిడ్డ. అక్కడికెళ్తే ఇద్దరమే, అందులో ఒకరు ఆఫీసుకి. అందుకని టికెట్లు తీసేముందు ఒక నెల మేమే చేసుకుంటాం, ఎవరూ చెయ్యి వేయొద్దు అని అత్తకి చెప్పాం. ఆవిడకి కోపమొచ్చింది, తర్వాత అర్థం చేసుకుంది. నాలుగో రోజుకే నా నడుం పట్టేసింది. అప్పుడే ఫిజియో దగ్గర ఎత్తే పద్ధతి సరిగా నేర్చుకున్నా, నడుంతో కాదు మోకాళ్ళు వంచి.

అత్త అన్నం పెట్టే పద్ధతి వీడియో తీసుకున్నా. పెరుగన్నం మెత్తగా పిసికి, గోలీకంటే చిన్న ముద్ద, నాలుక మధ్యలో పెట్టి, గొంతు కింద చూపుడువేలితో మెల్లగా కిందికి నిమురుతుంది, మింగాకే ఇంకో ముద్ద. అది నేను తొమ్మిదేళ్ళు పక్కనే ఉండి చూడలేదు.

7. ప్రయాణం

టికెట్ బుక్ చేసిన వెంటనే ఎయిర్‌లైన్‌కి ఫోన్ చేయండి, కనీసం 48 గంటల ముందు. ఉత్త వీల్‌చైర్ కావాలి అంటే సరిపోదు. అడుగు కూడా వేయలేని మనిషికి సీటు దాకా తీసుకెళ్ళే సాయాన్ని డబ్ల్యూసీహెచ్‌సీ అంటారు, టికెట్‌లో ఆ కోడ్ పడిందో లేదో చూసుకోండి. కుర్చీ పొడవు, వెడల్పు, బరువు చెప్పాలి. కరెంటు వీల్‌చైర్ అయితే బ్యాటరీ వివరాలు, బయటికి తీసే రకం లిథియం అయితే 300 వాట్-అవర్ దాటకూడదు. విమానం తలుపు దాకా సొంత కుర్చీలోనే తీసుకెళ్ళి అక్కడ ఇవ్వండి, ఇచ్చేముందు నాలుగు వైపులా ఫోటోలు తీసి, దిండు, ఫుట్‌రెస్ట్‌లు ఊడదీసి చేతి సంచిలో పెట్టుకోండి.

మందులు కెనడాకైతే 90 రోజులకి, ఒరిజినల్ ప్యాకింగ్‌లో, ప్రిస్క్రిప్షన్‌తో, చేతి సంచిలో. క్లోబజామ్ లాంటి ఫిట్స్ మందులు చాలా దేశాల్లో కంట్రోల్డ్ లిస్టులో ఉంటాయి, డాక్టర్ లెటర్ లేకుండా తీసుకెళ్ళొద్దు. నెబ్యులైజర్, సక్షన్ మిషన్ ఉంటే వెనక చూడండి, 100-240 అని ఉంటేనే కెనడా, అమెరికాలో పనిచేస్తుంది, అక్కడ కరెంటు 120 వోల్టులే. పింఛను తీసుకుంటుంటే వెళ్ళేముందు సచివాలయంలో చెప్పి ఆపించండి.

8. దిగిన మొదటి వారం

మేముండే ఒంటారియోలో హెల్త్ కార్డుకి వెయిటింగ్ లేదు, బ్రిటిష్ కొలంబియాలో మూడు నెలల దాకా పడుతుంది, ఆ మధ్యకి ప్రైవేటు ఇన్సూరెన్స్ తీసుకోండి. థెరపీలకి లైను చాలా పొడుగు, ఇల్లు సర్దుకున్నాక చూద్దాం అనుకోకుండా మొదటి వారంలోనే పేరు రాయించండి. స్కూల్ బోర్డుకి కూడా అప్పుడే వెళ్ళండి.

స్కూల్‌కి ఇవ్వడానికి ఇండియాలోనే ఒక పేజీ రాసిపెట్టుకోండి, బిడ్డ గురించి, ఇంగ్లీషులో. రిపోర్ట్ కాదు, వాడి భాష. మా వాడు తెలుగే వింటాడు, ఇంగ్లీషు ఒక్క ముక్క తెలీదు. అందుకని ఆ పేజీలో రాశా: పెదాలు బిగించి ఉమ్మంటే నీళ్ళు కావాలి, ఎడం చెయ్యి బల్లకి కొడితే చాలు అని, కళ్ళు పైకి తిప్పితే అవును, అన్నం అంటే ఇది, నీళ్ళు అంటే ఇది, నొప్పి అంటే ఇది, ఎలా పలకాలో ఇంగ్లీషు అక్షరాల్లో. టీచరమ్మ దాన్ని వాడి బల్ల మీద టేపుతో అంటించింది. రెండో వారం నేను తీసుకురావడానికి వెళ్తే గది బయటికే వినపడింది, ఆవిడ వాణ్ణి "నీలు? నీలు?" అని అడుగుతోంది, వాడు కళ్ళు పైకి తిప్పి నవ్వుతున్నాడు.